ఐసులో పెట్టని రక్తం

“ఈ రగతం నా సేతిలో ఉండగా ఏదైనా అయిపోతేనో?” అంది గంగాలమ్మ పైకే.

అప్పటికింకా ఏమీ కాలేదు. క్యాన్సర్ ఆస్పత్రిలో రక్తం తీసే గది ముందు బెంచీ మీద కూర్చుని ఉందామె. పక్కన కొడుకు వాసు మోచేతి మడతలో దూది నొక్కి పట్టుకుని, కాళ్ళు బార్లా చాపుకుని ఉన్నాడు.

“ఏటవుద్దే? రగతం లేసి పారిపోద్దేటి?” అన్నాడు వాసు.

“నవ్వకు. బస్సు ఆగిపోవచ్చు. నాను కళ్ళు తిరిగి పడిపోవచ్చు. డబ్బా చూసి అన్నం కేరేజీ అనుకొని ఎవడైనా ఎత్తుకుపోవచ్చు.”

“ఎత్తుకుపోయినోడు ఇంటికెల్లి మూత తీసినప్పుడుంటాది ఆడికి.”

ఆమె నవ్వలేదు. గంగాలమ్మ సంగతి సముద్రం ఒడ్డున వాళ్ళ పేటలో అందరికీ తెలుసు. ఫోను మోగితే ముందు ఎక్కడో ఒకచోట కూలబడి, ఆ తర్వాతే ఎత్తుతుంది. అంబులెన్సు కూత వినబడితే ఇంట్లో మనుషుల్ని లెక్క చూసుకుంటుంది. పిల్లలు చిన్నప్పుడు బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే, అప్పటికే సగం ఏడ్చేసి ఉండేది. మూడేళ్ళ కిందట వాసుకి చిగుళ్ళ నుంచి రక్తం కారి, ఎడమ డొక్క రాయిలా గట్టిపడినప్పుడు కూడా అందరూ ఆమెని కసిరారు. ఆ ఒక్కసారి ఆమె భయమే నిజమైంది. రక్తంలో క్యాన్సర్ అన్నారు.

అయితే డాక్టరమ్మ ఒక ధైర్యం చెప్పింది. ఇది రోజుకో మాత్రతో అణచిపెట్టగలిగే రకమనీ, మానకుండా వేసుకుంటే కుర్రాడు ముసలివాడయ్యేదాకా బతకొచ్చుననీ. ఆ రోజు నుంచీ గంగాలమ్మ రోజూ రాత్రి అన్నం తిన్న వెంటనే కొడుకు చేతిలో మాత్ర పెట్టి, చెంబుడు నీళ్ళిచ్చి, అతను మింగేదాకా గొంతుకేసి చూస్తూ నిలబడేది. రెండేళ్ళు బాగానే గడిచాయి. కిందటి చలికాలం నుంచి తెల్లకణాలు మళ్ళీ పెరగడం మొదలుపెట్టాయి. జబ్బు ఈ మాత్రని తప్పించుకోవడం నేర్చిందేమోనని డాక్టరమ్మకి అనుమానం. అదే నిజమైతే మందు మార్చాలి. ఆ కొత్త మందు గట్టిది. ఆస్పత్రి దగ్గర్లోనే ఉండాలి, సముద్రం మీదకి పోకూడదు. ఏ సంగతో తేల్చే పరీక్ష కోసం రక్తం వేరే రాష్ట్రానికి పంపారు. అది వచ్చేసరికి వారాలు పడుతుందట.

సముద్రంలో చేపల వేట మీద వేసవి నిషేధం ఎత్తేసే రోజు దగ్గర పడుతోంది. “మందు మారిత్తే నాను బోటెక్కలేను. బోటెక్కనోడు మా పేటలో దేనికి? నాను మార్చను,” అని వాసు డాక్టరమ్మ ముఖం మీదే చెప్పేశాడు.

ఇవాళ తీసిన ఈ చిన్న గొట్టం మాత్రం కూతురు ఈశ్వరి కోసం. ఎమ్మెస్సీ చదివి, మద్దిలపాలెం అవతల కొండవైపున్న ఒక పరిశోధనా కేంద్రంలో పనిచేస్తోంది. ఇలాంటి రోగుల రక్తం మీదే వాళ్ళ పని. రక్తం తీసుకెళ్ళే మనిషి ఆ రోజు రాలేదు. అందుకే కాస్త ముందు ఈశ్వరి ఫోన్ చేసింది.

“అమ్మా, నాను పని మధ్యలో ఉన్నాను, కదల్నేను. నర్సమ్మ డబ్బా ఇత్తాది, నువ్వే తిన్నగా పట్టుకొచ్చీ. ఐసులోంచి మాత్రం బయటికి తియ్యకు. విన్నావా? తియ్యకు.”

ఎందుకే అని అడగబోయేలోగా ఫోను పెట్టేసింది.

నర్సు నీలం డబ్బా ఒకటి తెచ్చి గంగాలమ్మ ఒళ్ళో పెట్టింది. “కణాలు పగలగొట్టే మందు కలిపేశామమ్మా. బేగి ఎల్లిపో,” అంది. వాసు హార్బరులో వలలు కుట్టే పనుందని అటే వెళ్ళిపోయాడు. గంగాలమ్మ డబ్బాని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని బస్సెక్కింది.

కూర్మన్నపాలెం దాటేదాకా బస్సు బాగానే పోయింది. ఆ తర్వాత కంటైనరు లారీలు దారికి అడ్డంపడ్డాయి. బస్సు ఆగుతూ, కదులుతూ, కదిలి ఆగుతూ ఉంది. అది ఊగినప్పుడల్లా డబ్బాలో ఐసు ముక్కలు గలగలమన్నాయి.

ఆ చప్పుడు గంగాలమ్మకి కొత్తది కాదు. పుట్టింది మొదలు వింటున్నదే. హార్బరులో పార పెట్టి ఐసు ఎత్తి చేపల మీద పోసిన చేతులే ఆమెవి. బతికున్న చేపని నీళ్ళలో ఉంచుతారు. ఐసు పోసేది చచ్చినదాని మీద.

ఇంకోసారి కూడా చూసింది ఐసుని. అప్పటికి ఈశ్వరికి పన్నెండేళ్ళు, వాసుకి ఎనిమిది. ఆమె పెనిమిటి ఎల్లాజీ, బోటు అడుగున తిరిగే ఫంకాకి వల చుట్టుకుంటే విప్పడానికి నీళ్ళలోకి దిగాడు. కాళ్ళు పట్టేశాయి. తోటివాళ్ళు చూస్తుండగానే ములిగిపోయాడు. దొరికాక హార్బరుకి తెచ్చారు. పోలీసుల రాతకోతలు అవలేదు, ఎండ మండిపోతోంది. బోటులో చేపలు వేసే గదిలోనే పడుకోబెట్టి ఐసు కప్పారు. ముఖం ఒక్కటే పైకి ఉంది. బుడ్డోడు వాసు వెళ్ళి తండ్రి బుగ్గల మీద పడిన ఐసు ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి పారేశాడు. ఎవరు లాగినా రాలేదు.

ఇప్పుడు ఆ వాసు రక్తం ఆ ఐసులో ఉంది.

‘తియ్యకు’ అంది కూతురు. తెలుసు. అయినా గంగాలమ్మ చెయ్యి ఆగలేదు. మూత కొద్దిగా ఎత్తింది. వేలెడంత గొట్టం, ముక్కల మధ్య ఇరుక్కుని, ఎర్రగా. తాకితే వేళ్ళు జివ్వుమన్నాయి. ‘కొంచెంసేపే,’ అనుకుంది. ‘మళ్ళీ పెట్టీత్తాను.’ గొట్టాన్ని పైటచెంగుతో తుడిచి, ఆ చెంగులోనే చుట్టి, డబ్బులు దాచుకున్నట్టు బొడ్లో దోపుకుంది. కాసేపటికి అది ఆమె ఒంటి వేడికి వెచ్చబడింది. ఆ రోజంతటిలో మొదటిసారి ఆమె గుండె కుదుటపడింది.

ఎన్‌ఏడీ కూడలి దగ్గర బస్సు చాలాసేపు నిలబడిపోయింది. మద్దిలపాలెం వస్తోందనగా గొట్టాన్ని తీసి మళ్ళీ ఐసులో గుచ్చింది. గేటు దగ్గరే ఎదురుచూస్తున్న ఈశ్వరి డబ్బా మూత తీసి, చేత్తో తడిమి, “సల్లగానే ఉంది. బతికించినావే అమ్మా,” అంటూ మెట్ల మీద పరిగెత్తింది.

*

రెండు రోజుల తర్వాత సాయంత్రం ఈశ్వరి ఇంట్లోకి వస్తూనే చెప్పులు ఎటో విదిల్చేసింది.

“ఓలమ్మా! గీత నేదు! ఒక్క గీత కూడా నేదు!”

గంగాలమ్మ అప్పుడే కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. గుమ్మంలో మరిది తాతబాబు బీడీ కాలుస్తున్నాడు. అతను బోటు డ్రైవరు. ఈసారి వాసుని తన బోటులోనే ఎక్కించుకుంటానన్నాడు. వాసు మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

“గీత నేకపోతే మంచిదా, సెడ్డదా? ముందది సెప్పప్పా,” అన్నాడు. చిన్నప్పటి నుంచీ వాడు అక్కని అప్పా అనే పిలుస్తాడు.

“మంచిది రా గుంటా. సూడు.” ఈశ్వరి ఫోనులో బొమ్మ చూపించింది. తెల్లటి పట్టీ రెండు వరసల్లో ఉంది. పై వరసలో నల్లటి మచ్చ, కాటుక వేలితో అద్దినట్టు. కింద వరసలో ఏమీ లేదు.

“మాకు బోధపడేలాగ సెప్పు,” అన్నాడు తాతబాబు.

ఈశ్వరి చుట్టూ చూసింది. తల్లి బుట్టలో ఉన్న జెల్ల చేప మీద చూపు ఆగింది.

“సిన్నాన్నా, జెల్ల బెదిరితే ఏటి సేత్తాది?”

“ముల్లు లేపుతాది. వలకి సిక్కుకొని సంపుతాది మమ్మల్ని.”

“అదీ. మన ఒంట్లో ప్రొటీన్లు ఉంటాయి. వాసుగాడి జబ్బు కణాల్లో పాడు ప్రొటీను ఒకటుంది. అది ఊరుకోదు. పక్కనున్న ప్రొటీన్ల మీద ఫాస్ఫేటని ఒక సిన్న ముక్క అతికించీసి పోతాది. ముక్క అతుక్కుంటే ముల్లు లేసినట్టే. ఇంక ఆ కణం ఆగదు, పెరిగిపోతానే ఉంటాది. మాత్ర ఎల్లి ఆ పాడుదాని సెయ్యి కట్టీత్తాది. ముళ్ళు పడిపోతాయి.”

“అంత సిన్న ముల్లు నీకెలాగ అగుపడింది?” అని వాసు.

“అగుపడదు. అందుకే యాంటీబాడీలు. అవి వలలు అనుకో. నా దగ్గర రెండు వలలున్నాయి. ఒకదానికి జెల్ల అయితే సాలు, ముల్లు లేసినా పడినా పట్టీసుకుంటాది. రెండోది ముల్లు లేసిందాన్నే పట్టుకుంటాది, ముల్లు పడిపోతే అదే జెల్లని వదిలీత్తాది. మొదటి వల ఏసినాను, ఇదిగో, నిండుగా సేపలు. రెండోది ఏసినాను, కాళీ. అంటే మాత్ర పని సేత్తన్నట్టే కదా!”

“అంటే మా గుంటడి ఒంట్లో ముళ్ళు నేని జెల్లలున్నాయి,” అని తాతబాబు బీడీ పారేశాడు. “ముళ్ళు నేని జెల్ల పులుసు ఎంత బాగుంటాదో తెలుసా వదినా!”

వాసు పగలబడి నవ్వాడు. ఆ ఇంట్లో అంత పెద్ద నవ్వు విని చాలాకాలమైంది. ఈశ్వరి మాత్రం వేలు చూపించి బెదిరించింది. “ఇది ఆస్పత్రి రిపోర్టు కాదు, పరిశోధన. రోగులకి సెప్పకూడదన్నారు మా సారు. నాను ఉండబట్టలేక సెప్పీసినాను. అసలు పరీక్ష వచ్చేదాకా—”

“ఇంకేటి వచ్చేది? సిన్నాన్నా, నాను బోటెక్కుతన్నాను. రాసీసుకో.”

“రా రా. ఐసు ఎక్కించే రోజు పొద్దున్నే వచ్చీ.”

గంగాలమ్మ కత్తిపీట మీద నుంచి చెయ్యి తీయకుండానే అడిగింది. అడిగేటప్పుడు ఆమెకే తెలియదు ఎందుకు అడుగుతోందో.

“మరి ఐసెందుకే?”

“ఏ ఐసు?”

“డబ్బాలో. తియ్యొద్దన్నావు కదేటి.”

“ఓ, అదా. ఐసు నేకపోతే ముళ్ళు వాటంతటవే పడిపోతాయే అమ్మా. ఆ ముక్కల్ని ఊడబెరికేవి కూడా రగతంలోనే ఉంటాయి. రాలకుండా మందు కలుపుతాం గానీ ఎచ్చగా ఉంటే అది సాలదు. అప్పుడు మాత్ర వల్ల పడిందో, ఎచ్చదనానికి పడిందో యాంటీబాడీ సెప్పలేదు. దానికి తెలిసింది ఒక్కటే, ముల్లు ఉందా, నేదా.”

గంగాలమ్మ చేతిలో జెల్ల జారి బూడిదలో పడింది. ఎవరూ చూడలేదు. వాసు తాతబాబుతో వల కన్నుల గురించి మాట్లాడుతున్నాడు. ఈశ్వరి ఆకలేస్తోందని గిన్నెలు వెతుకుతోంది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచింది కూడా. వాసు తలెత్తి, “ఏటే, ఇప్పుడేటి బయం నీకు? ముల్లు మళ్ళీ లేసిపోద్దనా?” అని మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె నోరు మూసేసుకుంది. బహుశా కాసేపే కదా బయట ఉంచింది. బహుశా బొడ్లో అంత వేడి ఉండదేమో. బహుశా మాత్ర నిజంగానే పనిచేస్తోందేమో. బతుకంతా చెడ్డదే ఊహించుకున్న మనిషి, నిషేధం ఎత్తేసేదాకా ఉన్న నాలుగు రోజులూ మంచిది ఊహించుకోవడానికి తనతో తాను కుస్తీ పట్టింది. అలవాటు లేని పని కావడంతో చాతకాలేదు. అన్నం సహించలేదు. అయినా రోజూ రాత్రి కొడుక్కి మాత్ర ఇచ్చేది. వాసు నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, ఎప్పటిలాగే నోరు పుక్కిలించడానికి పెరట్లోకి పోయేవాడు. వాంతి అవుతోందేమోనని ఆమె చెవి ఒగ్గి వినేది. అయ్యేది కాదు.

*

నిషేధం ఎత్తేసిన రోజు హార్బరంతా తిరణాలలా ఉంది. బోట్లకి పసుపు పూసి, నిమ్మకాయలూ బంతిదండలూ కట్టారు. గంగమ్మతల్లికి కొబ్బరికాయలు కొడుతున్నారు. తాతబాబు బోటు గట్టుకి ఆనించి ఉంది. ఐసు మిల్లు గొట్టంలోంచి పొడి చేసిన ఐసు ధారగా బోటు కడుపులోకి పడుతోంది. ఈశ్వరి సెలవు పెట్టి తమ్ముణ్ణి సాగనంపడానికి వచ్చింది.

గంగాలమ్మ గట్టు అంచున నిలబడి కిందకి చూసింది.

చేపల గదిలో వాసు ఉన్నాడు. చేతిలో పార. మోకాళ్ళదాకా ఐసు. పై నుంచి పడుతున్న ఐసు అతని జుట్టు మీద, భుజాల మీద, బుగ్గల మీద తెల్లగా అంటుకుంటోంది. అతను తల పైకెత్తి నవ్వుతూ ఏదో అరుస్తున్నాడు. మిల్లు మోతలో ఆమెకి వినబడలేదు. పైకెత్తిన ఆ ముఖం ఒక్కటే కనబడుతోంది.

“ఆపండ్రా!” అని గంగాలమ్మ కేక పెట్టింది. “ఆపండి! బయటికి రారా! రా బయటికి!”

మిల్లువాడు హడలిపోయి ఆపేశాడు. గట్టు మీద వాళ్ళంతా ఇటు తిరిగారు. బోటు బయలుదేరేటప్పుడు ఆడది అలా అరవడం మంచిది కాదని ఎవరో గొణిగారు.

“అమ్మా, ఏటైంది?” ఈశ్వరి భుజం పట్టుకుంది.

“తీసీసినానే. ఆ రోజు. ఐసులోంచి తీసీసినాను.”

“ఏటి తీసినావు?”

“ఆడి రగతం. బొడ్లో పెట్టుకున్నాను. కూర్మన్నపాలెం దాటగానే తీసినాను. మద్దిలపాలెం వచ్చేదాకా బొడ్లోనే ఉంది. దిగే ముందర పెట్టీసినాను.”

వాసు నిచ్చెన పట్టుకుని పైకి వచ్చాడు. పార ఇంకా చేతిలోనే ఉంది. “అబద్దం,” అన్నాడు. “నన్ను ఆపడానికి కథ కట్టిందప్పా. నీకు తెల్దా ఈ మనిషి సంగతి? నాను సైకిలు నేర్చుకుంటే లారీ కింద పడిపోతానంది. పదో తరగతి పరీక్షకెల్తే కప్పు కూలిపోద్దంది. ఇప్పుడు ఇది.”

“ఒట్టు. నీ మీదొట్టు రా.”

“నా మీద ఒట్టెయ్యకు!”

“వదినా, దారిలో ఎందుకు తీత్తావు, పిల్ల వొద్దని సెప్పినాక?” అన్నాడు తాతబాబు కోపంగా. “మతుండే సెప్తన్నావా?”

“ఆయన్ని ఐసులో పెట్టినారు,” అంది గంగాలమ్మ. అంతకంటే ఏం చెప్పాలో ఆమెకి తెలియలేదు. “ఆడి రగతం కూడా ఐసులోనే ఏటని... ఎచ్చగా ఉంటాదని పెట్టుకున్నాను.”

తాతబాబు తల దించుకున్నాడు. అన్నకి ఐసు కప్పిన చేతుల్లో అతనివి కూడా ఉన్నాయి.

ఈశ్వరి తల్లి భుజం మీద నుంచి చెయ్యి తీసింది. తర్వాత నెమ్మదిగా అంది, “గొట్టం మీద పసుపు మరక ఉంది. చీటీ మీద. నర్సమ్మ ఏదో మందు ఒలకబోసిందనుకున్నాను.” తల్లి చెంగు పట్టుకుని చూసింది. ఎప్పుడూ ఉండే వంటింటి పసుపు మరకలు. “దానికి తోడు అదే రగతం ఇంకో గొట్టంలో పెట్టి ఉంటే తేడా తెలిసేది. ఎప్పుడూ పెడతాం. ఆ రోజు మన రగతమే కదా అని పెట్టలేదు. సారుకి కూడా సెప్పకుండా మీకు సెప్పీసినాను. తప్పు నాది కూడా ఉంది, అమ్మా.” తమ్ముడి వైపు తిరిగింది. “దిగు వాసూ. ఆ బొమ్మ చెల్లదు. మళ్ళీ సెయ్యాలి.”

“నాను ఎల్తాను.”

“ఏటని ఎల్తావురా? ఆ కాళీ వల సూసుకొనా?”

వాసు అక్కనీ, తల్లినీ, బోటునీ మార్చి మార్చి చూశాడు. పారని ఐసు మీదకి విసిరేశాడు. బోటు దిగి పేట వైపు నడుచుకుంటూ పోయాడు. కాసేపటికి తాతబాబు బోటు అతను లేకుండానే బయలుదేరింది. దండల్లో పువ్వులు నీళ్ళలో రాలాయి.

*

రెండోసారి ఈశ్వరే ఆస్పత్రికి వచ్చింది. రక్తం తీయగానే ఒక వంతు అక్కడే మందులో కలిపి ఐసులో గుచ్చింది. ఇంకో వంతుని మాత్రం వేరే డబ్బాలో, ఐసు లేకుండా పెట్టింది.

“దానికి ఐసక్కర్లేదా?” అని గంగాలమ్మ బెదురుతూ అడిగింది.

“ఇవి బతికున్న కణాలమ్మా. వీటికి ఐసు పడదు. వీటిని గిన్నెలో పెంచి, వాసుగాడి మాత్రలో ఉండే మందే కలిపి చూత్తాను. సారుకి జరిగిందంతా సెప్పినాను. తిట్టి, ఇలాగ సెయ్యమన్నారు.”

గంగాలమ్మ ఆ డబ్బా వైపు చూసింది, ముట్టుకోలేదు. దారంతా చేతులు ఒళ్ళో కట్టుకుని కూర్చుంది.

మర్నాడు సాయంత్రం ఆమె ల్యాబు ముందు వరండాలో ఉంది. లోపలికి రానివ్వరు. తలుపు అద్దంలోంచి తెల్లకోటు వేసుకున్న కూతురు పెట్టెలాంటి మిషను ముందు వంగి నిలబడటం కనిపిస్తోంది. ఎంతసేపు నిలబడిందో. బయటికొచ్చినప్పుడు ముఖంలో ఏడుపు లేదు, నవ్వు లేదు.

“సెప్పు. సచ్చిపోతాడా?” అంది గంగాలమ్మ.

ఈశ్వరి ఫోను చూపించింది. పై వరసలో అన్నిచోట్లా కాటుక మచ్చలు. కింద వరసలో ఆస్పత్రిలోనే ఐసులో పెట్టిన రక్తం దగ్గర మచ్చ నల్లగా, లావుగా ఉంది. ముళ్ళన్నీ లేచి ఉన్నాయి.

గంగాలమ్మ ఆ మచ్చ మీద వేలు పెట్టింది. “మాత్ర పన్జెయ్యట్లేదు.”

“ఆగు. ఇది సూడు.” ఈశ్వరి వేలు పక్కకి జరిపింది. గిన్నెలో మందు కలపని కణాల దగ్గర మచ్చ ఉంది. మందు కలిపిన కణాల దగ్గర ఏమీ లేదు. తెల్లగా ఉంది. “నాను మందు ఏత్తే ముళ్ళు పడిపోతన్నాయి. అవే కణాలు, అదే మందు. గిన్నెలో పని సేత్తంది. ఆడి ఒంట్లో సెయ్యట్లేదు.”

“మరైతే మంచిదే కదే? జబ్బు తప్పించుకోట్లేదు కదా?”

ఈశ్వరి ఫోను ఆపేసింది. “అమ్మా, ఆడు మాత్ర ఏసుకుంతన్నాడా?”

“నా ఎదురుగానే. రోజూ. గొంతుకలోకి దిగేదాకా...” అంటూ గంగాలమ్మ ఆగిపోయింది. చెంబు. నీళ్ళు. పుక్కిలించడానికి పెరట్లోకి. తను చెవి ఒగ్గి విన్నది వాంతి కోసం. ఎన్నిటికి భయపడిందో, దీనికి భయపడాలని ఆమెకి తోచనేలేదు.

*

వాళ్ళు ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. వాసు వాకిట్లో కూర్చుని చిరిగిన వల ఒకటి కుడుతున్నాడు. బోటెక్కినవాళ్ళది ఆ వల, ఇంట్లోనే ఉన్నాడు కదా అని కుట్టమని ఇచ్చి పోయారు. తల ఎత్తలేదు.

ఈశ్వరి అతని ఎదురుగా నేల మీదే కూర్చుంది. బొమ్మ చూపించి, మెల్లగా, బెదిరించకుండా మొత్తం చెప్పింది. గిన్నెలో మందు పనిచేసిందనీ, కణాలు మందుని తప్పించుకోలేదనీ, కాబట్టి మందు వాటి దగ్గరకే చేరట్లేదనీ. చెప్పి అడిగింది.

“వాసూ, మాత్ర ఏసుకుంతన్నావా నువ్వు?”

సూది ఆగింది.

ఎప్పుడు ఎవరు వాసుని ఏమడిగినా గంగాలమ్మే జవాబు చెప్పేది. డాక్టరు ఆకలేస్తోందా అంటే లేదని, మాస్టరు ఎందుకు రాలేదంటే జ్వరమని, పక్కింటివాళ్ళు ఎలా ఉన్నాడంటే చూస్తున్నారుగా అని. ఇప్పుడు కూడా మాట నోటి దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టింది. గుమ్మంలో నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పక్కింట్లో ఎవరో టీవీ పెట్టారు, మళ్ళీ కట్టేశారు. వీధిలో ఐసు ఫ్రూటు బండి గంట కొట్టుకుంటూ పోయింది. వాసు వల కన్నులో వేలు దూర్చి తీస్తున్నాడు, దూర్చి తీస్తున్నాడు. ఈశ్వరి మళ్ళీ అడగలేదు. అలలు ఒడ్డుకొచ్చి పోతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఈ నిశ్శబ్దంలో తనకి రావలసిన భయాలన్నీ ఎక్కడికి పోయాయో గంగాలమ్మకి అర్థం కాలేదు. ఉన్నది ఒక్కటే. వాడు నోరు విప్పాలి. ఏమైనా ఫరవాలేదు, విప్పాలి.

వాసు అక్క వైపు చూడలేదు. గుమ్మం వైపు చూశాడు. తండ్రి బుగ్గల మీద ఐసు ఏరిన నాటి చిన్నపిల్లవాడి ముఖంలా ఉంది అతని ముఖం.

“సంకురాత్రి పండగెల్లినప్పటినించీ ఊసేత్తన్నానే అమ్మా,” అన్నాడు. “అది ఏసుకుంటే కాళ్ళు పట్టేత్తన్నాయి. నీళ్ళల్లో నాన్నకి పట్టేసినట్టు.”